దువా మనది, దవా సర్కారు బాధ్యత

జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి, మతి చలిస్తే దర్గా దగ్గరికి! మన ఇళ్లలో ఇదొక ఆనవాయితీగా స్థిరపడిపోయింది. కొడుకు నాలుగు రాత్రులు నిద్రపోకుండా తనలో తాను మాట్లాడుకుంటుంటే 'అసర్' అయిందంటారు. కోడలు కాన్పు తర్వాత బిడ్డను దగ్గరికి తీసుకోకపోతే గాలి సోకిందంటారు. తావీజు కడతారు, దమ్ చేయిస్తారు, గురువారం గురువారం దర్గా చుట్టూ తిరుగుతారు. ఇది ముస్లిముల ఇళ్లకే పరిమితమైన విషయం కాదు. మంథని చుట్టుపక్కల పల్లెల్లో మన హిందూ సోదరులూ ఇదే బాటలో నడుస్తున్నారు. బాణామతి, చేతబడి అన్న అనుమానాలు ఉత్తర తెలంగాణ జిల్లాల్లో మనుషుల ప్రాణాలు తీయడం పత్రికలు చదివేవారికి కొత్త సంగతి కాదు.

దీన్నంతా మూఢనమ్మకమని ఒక్క మాటతో కొట్టిపారేయడం తేలిక. అధికారులు, మేధావులు చాలాకాలంగా చేస్తున్నది అదే. కానీ మేము అడగదలచిన ప్రశ్న వేరే ఉంది. మంథనిలోనో, గోదావరి ఒడ్డున మహదేవ్‌పూర్ వైపు ఏదో ఒక పల్లెలోనో ఉన్న బీద కుటుంబం రేపు ఉదయం దర్గాకు పోకుండా ఆసుపత్రికే పోవాలని నిశ్చయించుకుందనుకోండి. వారికి దగ్గరలో సర్కారు తెరిచి ఉంచిన తలుపు ఏది? అక్కడ వైద్యుడెవరు? మందులు నెలనెలా దొరుకుతాయా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పకుండా ప్రజల అజ్ఞానాన్ని నిందించే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.

దశాబ్దాల పాటు మన ప్రాంతానికి తెలిసిన సమాధానం ఒక్కటే: ఎర్రగడ్డ. నిజాం కాలంలో జాల్నాలో ఉండిన పిచ్చాసుపత్రి 1953లో హైదరాబాద్ ఎర్రగడ్డకు తరలివచ్చింది. అప్పటి నుంచి ఆ బస్తీ పేరే ఒక తిట్టుగా మారిపోయింది. మంథని నుంచి అక్కడికి రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. రోగిని బస్సులో ఎక్కించి, దారిలో నలుగురి చూపులు భరించి, రెండు రోజుల కూలి పోగొట్టుకుని అక్కడికి చేరాలి. తిరిగొచ్చాక మందులు అయిపోతే మళ్లీ అదే ప్రయాణం. ఇన్ని బాధలు పడలేక మందులు మధ్యలో ఆపేసినవారు, జబ్బు తిరగబెట్టి గదిలో బందీలైనవారు మన చుట్టూ లేరా?

చట్టం ఏమంటోంది?

1912 నాటి ఇండియన్ లూనసీ యాక్ట్ మనోరోగిని సమాజానికి ప్రమాదకారిగా చూసింది. స్వాతంత్ర్యం వచ్చిన నలభై ఏళ్లకు 1987లో మానసిక ఆరోగ్య చట్టం వచ్చింది. అది అమల్లోకి రావడానికి మరో ఆరేళ్లు పట్టి 1993 ఏప్రిల్ 1 అయింది. ఆ చట్టం ఆసుపత్రుల లైసెన్సుల గురించి, రోగుల చేరిక గురించి చెప్పింది గానీ వైద్యం పొందడం రోగి హక్కు అని మాత్రం చెప్పలేదు. ఆ మాట చెప్పింది 2017లో పార్లమెంటు ఆమోదించిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. అది 2018 మే నెలలో అమల్లోకి వచ్చింది.

ఈ చట్టంలోని 18వ సెక్షన్‌ను మన చదువుకున్న యువకులు శ్రద్ధగా చదవాలని కోరుతున్నాం. ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల్లో మానసిక వైద్యం పొందే హక్కు ప్రతి మనిషికీ ఉందని అది స్పష్టం చేస్తోంది. మతం, కులం, లింగం, వర్గం వంటి ఏ వివక్షా చూపరాదంటోంది. రోగి వైద్యం కోసం దూరప్రయాణాలు చేయవలసిన అవసరం రాకూడదని, సేవలు అతని నివాసానికి దగ్గరలోనే ఉండాలని చెబుతోంది. జిల్లాలో కనీస సేవలను సర్కారు ఏర్పాటు చేయకపోతే రోగి అదే జిల్లాలోని మరో సంస్థలో వైద్యం పొందవచ్చు, ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి, దిక్కులేనివారికి తెల్లకార్డు చేతిలో ఉన్నా లేకున్నా వైద్యం ఉచితం. అత్యవసర మందుల జాబితాలో ఉన్న మానసిక రోగాల మందులు సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై స్థాయి ప్రభుత్వాసుపత్రులన్నింటిలో ఎల్లవేళలా ఉచితంగా దొరకాలి. అంటే మాత్రల కోసం హైదరాబాద్ బస్సెక్కవలసిన అగత్యం చట్టప్రకారం ఎవరికీ ఉండకూడదు!

ఇక్కడ గమనించవలసిన మరో విషయం ఉంది. ఈ చట్టం జిల్లాను ప్రమాణంగా తీసుకుంది. 2016 అక్టోబరులో తెలంగాణలో జిల్లాల పునర్విభజన జరిగింది. మంథని కరీంనగర్ జిల్లా నుంచి విడిపోయి పెద్దపల్లి జిల్లాలోకి వచ్చింది. పొరుగునున్న కాటారం, మహదేవ్‌పూర్ మండలాలు భూపాలపల్లి జిల్లాలో చేరాయి. ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. పది జిల్లాల రాష్ట్రం నేడు ముప్పైమూడు జిల్లాల రాష్ట్రం. కలెక్టరేట్లు కట్టారు, బోర్డులు మార్చారు, సంతోషమే. కానీ జిల్లా పెరిగిన ప్రతిచోటా ఈ బాధ్యత కూడా పెరిగిందన్న సంగతి పాలకులకు గుర్తుందా? పాత జిల్లా కేంద్రంలో ఉన్న వైద్యుణ్ణి చూపించి నాలుగు కొత్త జిల్లాల లెక్క సరిపెట్టడం చట్టాన్ని అమలు చేయడం కాదు.

ఎర్వాడి మంటలు

చట్టం పుస్తకంలో ఉండి అమలులో లేకపోతే ఏమవుతుందో ముస్లిములమైన మనకు మరొకరు చెప్పనక్కర్లేదు. తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఎర్వాడిలో ప్రసిద్ధమైన దర్గా ఉంది. స్వస్థత కోసం దూరదూరాల నుంచి మనోరోగులను అక్కడికి తీసుకువస్తారు. వారిని ఉంచుకుని డబ్బు వసూలు చేసే ప్రైవేటు 'హోములు' దర్గా చుట్టూ పుట్టుకొచ్చాయి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అటువంటి ఒక హోములో నిప్పంటుకుంది. రోగులు గొలుసులతో కట్టివేయబడి ఉన్నారు. పారిపోలేక 28 మంది ఆహుతయ్యారు.

ఆనాటికి 1987 చట్టం అమల్లోకి వచ్చి ఎనిమిదేళ్లు దాటింది. లైసెన్సు లేకుండా రోగులను ఉంచుకోరాదని ఆ చట్టం చెబుతూనే ఉంది. తనిఖీ చేయవలసిన అధికారులు ఉండనే ఉన్నారు. అందరి కళ్లముందే గొలుసులు మోగుతూనే ఉన్నాయి. దుర్ఘటన తర్వాత హోములు మూసివేశారు, సుప్రీంకోర్టు తనంతట తాను కేసు చేపట్టింది, ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉండాలని ఆదేశించింది. హోము నిర్వాహకులకు 2007లో శిక్ష పడింది. కానీ తనిఖీ చేయని యంత్రాంగం ఏ కోర్టులో నిలబడింది? ఆ 28 మంది చావుకు నిప్పు ఒక్కటే కారణం కాదు. వారిని అక్కడికి పంపిన బీదరికం, వారిని కట్టివేసిన దురాశ, చూసి కూడా చూడనట్టున్న సర్కారు కూడా కారణమే.

ఆ తర్వాతైనా గొలుసులు తెగాయా అంటే, 2019 జనవరిలో ఉత్తరప్రదేశ్‌లోని బదాయూ‌లో మతసంబంధమైన ఒక ఆశ్రయంలో రోగులను గొలుసులతో బంధించిన సంగతి మళ్లీ సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. ఇది జీవించే హక్కుకు భంగమని న్యాయస్థానం చెప్పవలసివచ్చింది. 2017 చట్టంలోని 95వ సెక్షన్ మనోరోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టరాదని నిషేధించింది. మన దర్గాల ముతవల్లీలు ఈ సెక్షన్‌ను తెలుసుకోవాలి. దర్గా ఆవరణలోనో, పక్కనో మనోరోగులను చేర్చుకుని ఉంచే వసతి ఏదైనా నడిస్తే దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

దీనికి మంచి మార్గం కూడా లేకపోలేదు. గుజరాత్‌లోని మెహసానా జిల్లా ఉనావాలో మీరాదాతార్ దర్గా ఉంది. అక్కడ 2008 నుంచి 'దవా - దువా' పేరిట ఒక ఏర్పాటు నడిచింది. దర్గాకు వచ్చిన రోగిని ముజావర్లు దువా చేసి, ఆవరణలోనే ఉన్న మానసిక వైద్యుని వద్దకు పంపుతారు. నమ్మకాన్ని అవమానించలేదు, వైద్యాన్ని వదులుకోలేదు. ఎర్వాడిలో కూడా తర్వాత ఇదే పద్ధతి చేపట్టారు. మన తెలంగాణ సర్కారుకు, వక్ఫ్ బోర్డుకు ఈ ఆలోచన ఎందుకు రాకూడదు?

ఇస్లాం దృష్టిలో

కొందరు వైద్యం చేయించడాన్ని విశ్వాస బలహీనతగా భావిస్తారు. ఇది పొరపాటు. అల్లాహ్ ఏ రోగాన్ని దింపినా దానికి స్వస్థతను కూడా దింపాడని, కనుక వైద్యం చేయించుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. ఇందులో ఒంటి జబ్బు, మనసు జబ్బు అన్న తేడా చూపలేదు. నిద్రపోతున్నవాడు, పసివాడు, మతి తప్పినవాడు - ఈ ముగ్గురి కర్మలను లిఖించే కలం ఎత్తివేయబడిందని కూడా వారు తెలియజేశారు. దివ్య ఖురాన్ 'అన్ నిసా' సూరా 5వ ఆయతు తమ సొమ్మును తాము చక్కబెట్టుకోలేని బుద్ధి బలహీనుల విషయంలో ఏం చేయాలో ఆదేశిస్తోంది: ఆస్తిని వారి చేతికి అప్పగించకుండా కాపాడాలి, అందులోంచి వారికి అన్నవస్త్రాలు ఇవ్వాలి, వారితో మంచిగా మాట్లాడాలి. మతి సరిగా లేని అన్నను ఇంటి నుంచి వెళ్లగొట్టి అతని వాటా భూమిని కలుపుకునేవారు ఈ ఆయతును మళ్లీ మళ్లీ చదవాలి.

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ఒక మతిస్థిమితం లేని స్త్రీకి శిక్ష విధించారు. ఆమెను తీసుకుపోతుండగా హజ్రత్ అలీ (రజి) చూసి ఆపించారు. ఖలీఫా వద్దకు వచ్చి, కలం ఎత్తివేయబడినవారిని గూర్చిన ప్రవక్త (స) బోధను గుర్తుచేశారు. అంతటి పాలకుడు తన ఆదేశాన్ని వెంటనే ఉపసంహరించుకుని ఆమెను విడిచిపెట్టారు. జవాబుదారీతనం అంటే ఇదే. చట్టం గుర్తుచేసేవాడు ఉండాలి, గుర్తుచేస్తే వినే పాలకుడూ ఉండాలి.

మదీనాలో బుద్ధిలో కొంత లోపమున్న ఒక స్త్రీ తనకు పని ఉందని దైవప్రవక్త (స)ను అడిగిందని, నీకు ఇష్టమైన వీధి ఏదో చెప్పు, అక్కడికే వస్తానని ఆయన అన్నారని, ఆమె చెప్పదలచుకున్నదంతా చెప్పేదాకా ఆమెతో ఉన్నారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ఉంది. ఆలోచించండి! మదీనా రాజ్యాధినేత ఆమె వీధికి వెళ్లారు. ఆమెను తన వద్దకు రప్పించుకోలేదు. రోగికి దూరప్రయాణం పెట్టరాదని మన పార్లమెంటు 2017లో రాసిన మాట, పద్నాలుగు వందల ఏళ్ల క్రితం ఆచరణలో కనబడుతోంది.

తర్వాతి కాలంలో ముస్లిం పాలకులు దీన్ని సంస్థాగతం చేశారు. సుల్తాన్ ఖలావూన్ 1284లో కైరోలో నిర్మించిన మన్సూరీ ఆసుపత్రిలో మనోరోగులకు వేరే విభాగం ఉండేది. దాని ఖర్చు వక్ఫ్ ఆస్తుల ఆదాయం భరించేది. బల్ఖ్‌కు చెందిన అబూ జైద్ (మరణం 934) శరీరానికీ మనసుకూ కలిపి ఆరోగ్య గ్రంథం రాశాడు. మన పూర్వీకులు మనోరోగాన్ని జిన్నుల లెక్కలో రాసి చేతులు దులుపుకోలేదు.

లెక్క చెప్పవలసినవారు

ఇప్పుడు సర్కారు లెక్కకు వద్దాం. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. కర్ణాటకలోని బళ్లారి అనుభవం ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని ప్రారంభించారు. తొలి విడత జిల్లాల్లో మన మెదక్ కూడా ఉంది. నేడు 767 జిల్లాలకు ఈ కార్యక్రమం మంజూరైందని కేంద్రం పార్లమెంటులో చెబుతోంది. జిల్లాకు ఏటా 83.2 లక్షల రూపాయల దాకా సహాయం, మానసిక వైద్యుడు, సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు, జిల్లాస్థాయిలో పది పడకలు అన్నవి ఆ పథకం రూపురేఖలు. కాగితం మీద ఇంతకంటే చక్కని పథకం ఉండదు.

మరి నిజం? బెంగుళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ సర్వే పెద్దవారిలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేల్చింది. ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో తెలంగాణ గానీ ఆంధ్రప్రదేశ్ గానీ లేకపోవడం గమనార్హం. మన రోగులు లెక్కలోకి కూడా రాలేదు! లక్ష జనాభాకు కనీసం ముగ్గురు మానసిక వైద్యులు కావలసిన చోట 0.75 మాత్రమే ఉన్నారని 2023లో పార్లమెంటరీ స్థాయీ సంఘం పేర్కొంది. అదే ఏడాది జనవరిలో జాతీయ మానవ హక్కుల కమిషన్ దేశంలోని 46 ప్రభుత్వ మానసిక వైద్యశాలల దుస్థితిపై రాష్ట్రాలకు నోటీసులు పంపింది. జబ్బు నయమైనవారిని కూడా విడిచిపెట్టకుండా ఉంచుతున్నారని ఆక్షేపించింది. 2025 జూన్‌లో మన ఎర్రగడ్డ ఆసుపత్రిలోనే ఆహారం వికటించి పదుల సంఖ్యలో రోగులు అస్వస్థులయ్యారు, ఒకరు మరణించారు. తన బాధను తానే చెప్పుకోలేని రోగికి పెట్టే అన్నం విషయంలో నిర్లక్ష్యం ఎంతమాత్రం క్షమార్హం కాదు.

2017 చట్టం 31వ సెక్షన్‌లో ఒక గడువు ఉంది. చట్టం అమల్లోకి వచ్చిన పదేళ్లలోగా అంతర్జాతీయ ప్రమాణాల మేరకు మానసిక వైద్య నిపుణులను సమకూర్చుకునేందుకు ప్రభుత్వం కృషి చేయాలి. ప్రభుత్వ ఆసుపత్రుల వైద్యాధికారులందరికీ ప్రాథమిక మానసిక వైద్యంలో శిక్షణ ఇవ్వాలి. ఆ పదేళ్లు 2028తో ముగుస్తాయి. గడువు దాటాక కమిటీ వేయడం కాదు, ఇప్పుడే లెక్క చెప్పాలి.

ఇది ఉత్తర తెలంగాణకు ప్రాణాల మీది సమస్య. పత్తి చేలలో అప్పులపాలైన రైతులు, సిరిసిల్ల మగ్గాల దగ్గర కూలి గిట్టక కుంగిన నేతన్నలు, గల్ఫ్‌లో కొడుకు కష్టాలు విని నిద్రపట్టని తల్లులు మన మధ్యనే ఉన్నారు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు పొరుగున ఉన్న నిజామాబాద్‌లో మత్తుమందు కలిసిన కల్లుకు అలవాటుపడినవారు వందల సంఖ్యలో మతి తప్పి ఆసుపత్రులకు పరుగెత్తారు. మద్యం, మత్తుమందుల వల్ల కలిగే మానసిక స్థితిని కూడా చట్టం రోగంగానే గుర్తించింది. దుకాణం మూయించడానికి ముందే ఆసుపత్రిని సిద్ధం చేయాలన్న ఇంగితం పాలకులకు ఉండవద్దా? 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత తెలంగాణలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జూలై 25న తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని, వంద మందికి పైబడిన విద్యాసంస్థల్లో అర్హత గల కౌన్సెలర్‌ను నియమించాలని ఆదేశించింది. మన పిల్లలు చదివే మైనారిటీ గురుకులాల్లో ఈ నియామకాలు జరిగాయో లేదో సర్కారు ప్రకటించాలి.

మేము కోరేది

మా కోరికలు గొంతెమ్మ కోరికలు కావు. పెద్దపల్లి జిల్లాలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఏటా ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయన్నది ఆసుపత్రి గోడ మీద రాయాలి. రామగుండంలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు. అక్కడి మానసిక వైద్యుడు వారానికి ఒక్కరోజైనా మంథని ప్రభుత్వాసుపత్రికి రావాలి. మందులు నెల మధ్యలో అయిపోరాదు. రోగి హక్కులకు భంగం కలిగితే ఫిర్యాదు వినే సమీక్షా మండలి ఎక్కడ ఉందో, ఎలా చేరాలో తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రచారం చేయాలి.

మనవైపు నుంచి చేయవలసింది కూడా ఉంది. అడగని హక్కు అందదు. ఈ వివరాలన్నీ 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తుతో అడగవచ్చు. మనోరోగులకు జిల్లా న్యాయసేవల సంస్థ ద్వారా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. దీర్ఘకాల మనోరోగాన్ని 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యంగా గుర్తించింది కాబట్టి సర్టిఫికెట్‌కు, దాని ద్వారా పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. 14416 నంబరుకు ఫోన్ చేస్తే 'టెలి మానస్' సేవ ద్వారా ఉచితంగా, తెలుగులో కూడా సలహా దొరుకుతుంది. చావు ఆలోచనలు వస్తున్నవారు, వారి ఇంటివారు ఏమాత్రం సంకోచించక ఈ నంబరును ఆశ్రయించాలి. ఆత్మహత్యకు పాల్పడబోయి బతికినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగానే భావించాలని, వారికి వైద్యం, పునరావాసం కల్పించడం ప్రభుత్వ విధి అని 115వ సెక్షన్ చెబుతోంది. పోలీసు కేసు భయంతో అటువంటివారిని ఇంట్లో దాచిపెట్టడం వారి ప్రాణానికే ముప్పు.

ఇమామ్ సాహెబులకు ఒక విన్నపం. జుమా ఖుత్బాకు ముందు పది నిమిషాలు ఈ విషయం మీద మాట్లాడండి. దమ్ కోసం మీ దగ్గరికి వచ్చిన రోగికి దువా చేయండి, ఆ వెంటనే ఆసుపత్రికి పొమ్మని కూడా చెప్పండి. మీ ఒక్క మాట వంద కరపత్రాల పెట్టు. బైతుల్‌మాల్ నిర్వాహకులు జకాత్ సొమ్ములోంచి బీద రోగి దారిఖర్చుకు కొంత కేటాయిస్తే అంతకంటే సార్థకమైన వినియోగం ఏముంటుంది?

అయితే సమాజం చేసే సాయం సర్కారు బాధ్యతను మాఫీ చేయదు. ప్రతి ఒక్కరూ కాపరులేనని, తన మందను గురించి ప్రతి కాపరీ ప్రశ్నించబడతాడని, పాలకుడు కూడా అందుకు మినహాయింపు కాదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. మందలో తప్పిపోయిన గొర్రెకు నోరు లేకపోవచ్చు. దాని తరఫున అడిగే నోళ్లు ఉండాలి. మంథని నుంచి ఆదిలాబాద్ దాకా ప్రతి బస్తీలో అటువంటి నోళ్లు లేవాలని, అల్లాహ్ రోగులకు స్వస్థతను, వారిని సాకే తల్లిదండ్రులకు సహనాన్ని, పాలకులకు జవాబుదారీ స్పృహను ప్రసాదించాలని వేడుకుంటున్నాం. ఆమీన్.